మందల జాడ

మొన్న ఆదివారం పొద్దున పక్కింటి లక్ష్మి జాతర నుంచి వచ్చి, మా ఇంటికని చిన్న బండారి పొట్లం తెచ్చిచ్చింది. గొర్లు కాసే మా ఇళ్లలో ఆ పసుపుపొడి నుదుటికి అంటితే చాలు, దేవుడు పలకరించినట్టే. పొట్లం విప్పగానే ముందు పసుపు వాసన వచ్చింది. దాని వెనకే, ఎన్నాళ్లుగానో పెట్టెలో దాచిన బట్టల్లోంచి వచ్చినట్టు, సన్నగా పాత అచ్చుకాగితం వాసన. బొట్టు పెట్టుకుని, చేతులు జోడించి, కళ్లు తెరిచి చూస్తే ఆ కాగితం ముక్క మీద ఎడమవైపుకు కాస్త ఒరిగిన అక్షరాలు కనిపించాయి. ‘మందల జాడ’ అని. నేను గడపలోనే కూర్చుండిపోయాను. ఎండ మెల్లగా జరుగుతూ వచ్చి పాదాల మీద పడింది. ఆ వెచ్చదనంలో అనంతయ్య సారు ప్రెస్సు గది, అందులోని షాబాదు బండల నేల, గోడకు ఆనించిన కాగితం కట్టలు, పెంకుల సందుల్లోంచి దిగే వెలుగు చారలు, ఒకదాని వెనక ఒకటి తేలి వచ్చాయి.

అనంతయ్య సారును చూడనివాళ్ల కోసం చెప్పాలి. మక్తల్ బస్టాండు వెనక సందులో ఆయనకు చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లిపత్రికలు, జాతర కరపత్రాలు, బడి పిల్లల హాజరు పుస్తకాలు అచ్చువేస్తూ, వారానికొకసారి ‘కందిలి’ అని నాలుగు పేజీల పత్రిక తీసేవారు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచి ఉండేవారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చే కాలంలో మొదలుపెట్టి, కంప్యూటరు వచ్చేదాకా ఆ పత్రికను నడిపించారు. పెద్ద పత్రికల్లో మా ఊళ్ల పేర్లు కరువు వచ్చినప్పుడో, బస్సు బోల్తా పడ్డప్పుడో తప్ప కనిపించేవి కావు. ‘కందిలి’లో మాత్రం ఏ చెరువు అలుగు పోసింది, ఎవరి ఎద్దు తప్పిపోయింది, దవాఖానలో ఈ వారం డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు, ఎవరింట్లో ఎవరు పోయారు, అన్నీ ఉండేవి. పనికోసం పుణెకో బొంబాయికో పోయిన మా పాలమూరువాళ్లకు బస్సు డ్రైవర్ల చేతికిచ్చి కట్టలు పంపేవారు. ఆ కాగితం చేతికందిన వారం ఇంటికి పోయి వచ్చినట్టుండేదని చాలామంది చెప్పగా విన్నాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి గురించి రాసినా, అచ్చు వేసేముందు వాళ్లకు చదివి వినిపించాలి. చదువు వచ్చినవాళ్లకైనా సరే, చేతికిచ్చి చూసుకోమనడం కుదరదు, వినిపించాల్సిందే. ప్రెస్సు గుమ్మం పక్కన అందుకోసమే ఒక బెంచీ ఉండేది. సంత రోజున ఆ బెంచీ మీద చోటు దొరికేది కాదు.

నేను బడికి పోలేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అవ్వకు చూపు లేదు. బాపు ఏడాదిలో సగం రోజులు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకో, నల్గొండ దిక్కు కాలువ పొలాలకో వలస పోయేవాడు. అవ్వ దగ్గర ఒకరు ఉండాలి, ఆ ఒకరు నేనయ్యాను. దానికి నాకు ఏనాడూ చింత కలగలేదు. బాపుకు అక్షరాలు వచ్చు. ఇంటికి వచ్చినప్పుడల్లా ‘కందిలి’ పాత సంచికలు తెచ్చి, బొగ్గుతో బండ మీద రాయించి, నాకు చదువు చెప్పాడు. అవ్వ భజనలు నేర్పింది. నేను మొదటిసారి సొంతంగా కూడబలుక్కుని చదివిన వాక్యం పెద్దచెరువు అలుగు పోసిందని. అది చదివాక నాకు ఆ నీళ్ల చప్పుడు నిజంగా వినిపించింది. అక్షరాల్లోంచి నీళ్లు రావడం దేవుడి మహిమ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, బాపు మోకాళ్లు పట్టేసి మందను ఇంకొకరికి అప్పజెప్పిన రోజుల్లో, ఒక సంతనాడు నన్ను వెంటబెట్టుకుని ప్రెస్సుకు పోయాడు. సారు బెంచీ మీద ఒక ముసలామె పక్కన కూర్చుని, పోయిన ఆమె భర్త గురించి రాసిన నాలుగు ముక్కలు వినిపిస్తున్నారు. భజనల్లో బాగా పాడేవాడని రాశారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“పాడెటోడు అని రాయి సారు. మంచిగ పాడెటోడు అని రాయకు. ఊరందరికి ఎరికే.”

సారు నవ్వకుండా, ఆ ఒక్క మాట కొట్టేశారు. ఆమె తృప్తిగా కొంగు సర్దుకుంది. అప్పటికే పొద్దుటినుంచి చదివి చదివి ఆయన గొంతు బొంగురుపోయింది. పక్కన ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. నా వైపు చూసి, చదువు వచ్చా అని అడిగారు. బాపు కొంచెం సిగ్గుపడుతూ, బడికి పోలేదని, ఇంట్లోనే నేర్చుకుందని చెప్పాడు. సారు కాగితం నా చేతిలో పెట్టారు. నాకు తెలిసిన చదవడం ఒక్కటే, చూపు లేని అవ్వకు చదివి వినిపించడం. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, వినేవాళ్ల ముఖం చూసి, అందింది అనుకున్నాకే ముందుకు పోయాను. నలుగురిదీ అయిపోయేసరికి సంత సద్దుమణిగింది. సారు బాపుతో, “మల్లయ్యా, ఈమెకు బడి అవసరం లేకపాయె. రేపటినుంచి పంపు,” అన్నారు. ఇంటికి పోయే దారిలో బాపు గుడి ముందు ఆగి చెప్పులు విడిచి, చాలాసేపు నిలబడ్డాడు.

ఆ మొదటి రెండేళ్లు తలుచుకుంటే నాకు అన్నీ ఒకే రోజులా అనిపిస్తాయి, పొడుగాటి మధ్యాహ్నంలా. మిషను ఆగినప్పుడు బయటి వేపచెట్టు మీద పిట్టల చప్పుడు. కొత్త కాగితం వేడి. బెంచీ మీద ఎవరో ఒకరు. నేను చదువుతుంటే వాళ్లు తమ గురించి తామే వింటూ, ఇంకెవరో మనిషి కథ విన్నట్టు ముఖాలు పెట్టేవారు. కొందరు సిగ్గుపడేవారు. ఒకాయన తన ఎద్దు తప్పిపోయిన ముక్క విని ఏడ్చాడు. ఎద్దు పోయిన నాడు ఏడవలేదట. సారు లోపలినుంచే అన్నీ వినేవారు. మధ్యలో కల్పించుకునేవారు కాదు. మనిషి మాటను మనిషి ముందే ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు వదిలిపెట్టాలో నేను నేర్చుకున్నది ఆ బెంచీ మీదనే.

కొన్నాళ్లకు ఆయన నాకు ‘మందల జాడ’ అప్పజెప్పారు. నాలుగో పేజీలో కింద ఎడమవైపు, అరచేతి వెడల్పు జాగా. శీర్షిక ఆయన చేతిరాత. వలస పోయిన గొర్ల కాపరులు ఎవరు ఏ దిక్కున ఉన్నారో ఇంటివాళ్లకు తెలియడానికి ఆ కాలమ్ పెట్టారు. ఫోన్లు లేని రోజుల్లో మా అవ్వ బాపు క్షేమాన్ని అందులోనే వినేది. గొర్లోళ్ల బిడ్డను కాబట్టి అది నా చేతికి రావడం నాకు దేవుడిచ్చిన వరంలా తోచింది. కాపరులు సంతకు వచ్చి చెప్పేవారు, లేదంటే ఫోను చేసేవారు. నేను రాసుకుని, వాళ్లకే తిరిగి వినిపించి, సారుకు ఇచ్చేదాన్ని.

నా వల్ల జరిగిన తప్పు అక్కడే జరిగింది. దాన్ని దాచుకుంటే సారు గురించి నేను చెప్పేది సగమే అవుతుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎక్కడి మందలు అక్కడ ఎండిన బీళ్లలో తిరుగుతున్నాయి. సంతకు వచ్చిన ప్రతి కాపరి ముఖంలో ఒకటే దిగులు. బాపు చెల్లెలు సాయమ్మ అత్త అప్పుడు నల్గొండ దిక్కున ఉంది. మామ పోయినాక తన చిన్న మందను తానే తోలుకుని తిరిగే మనిషి. గడ్డి ఎక్కడుందో గాలి వాసన చూసి చెబుతుందని మావాళ్లలో పేరు. ఒక మధ్యాహ్నం ఆమె నాకు ఫోను చేసింది. గొంతులో సంతోషం పొంగుతున్నది. కట్టంగూర్ దాటినాక ఒక ఊరి చెరువు, నీళ్లు వెనక్కి పోయి, ఆ తడిలో గడ్డి మోకాలెత్తు లేచిందట. ఊరి రైతులు మంచివాళ్లట, తన ఒక్క మందకైతే సరేనన్నారట. గొర్లు ఈనడానికి దగ్గరపడ్డాయని, ఇంక పదిహేను రోజులు కదలనని, దేవుడు తన మీద దయ తలిచాడని చెప్పింది. ఊరి పేరు కూడా చెప్పింది.

ఆ వారం సారు కంటి పరీక్షకని మహబూబ్‌నగర్ దవాఖానకు పోయారు. పేజీ నేనే పెట్టాలి. నేను ఆ ముక్కను ఎంతో ఇష్టంగా రాశాను. దేవుడు మొలిపించిన గడ్డి అందరిదీ కదా అనుకున్నాను. సంతలో చూసిన ఆ దిగులు ముఖాలన్నీ గుర్తుకువచ్చి, ఈ కబురు చూసి ఎవరో ఒకరి ప్రాణం కుదుట పడుతుందని నమ్మాను. ఊరి పేరు రాశాను, చెరువు పేరు రాశాను. అత్తకు వినిపించలేదు. మన అత్తే కదా, ఆమె మాటలే కదా అనుకున్నాను. అంతవరకు ఒక్కసారి కూడా వదలని పనిని సొంత మనిషి దగ్గర వదిలేశాను.

పత్రిక వచ్చిన సాయంత్రానికే ఎవరో ఆ ముక్కను ఫోటో తీసి ఫోన్లలో పంపారు. నాలుగు రోజుల్లో ఎనిమిది మందలు ఆ చెరువుకు చేరాయి. గడ్డి వేళ్లతో సహా పోయింది. ఒడ్డున ఉన్న కంది చేలల్లో కూడా మూతులు పడ్డాయి. ఊరివాళ్లు కర్రలు పట్టుకుని వచ్చి అందరినీ వెళ్లగొట్టారు. అత్తకు మాట ఇచ్చిన రైతే, నువ్వే పిలిపించినవని ఆమెను నిలదీశాడట. నెలలు నిండిన గొర్లను తోలుకుని, ఆమె ఆ ఎండలో నాలుగు రోజులు నందికొండ కాలువ దిక్కు నడిచింది. దారిలో ఈనిన పిల్లలు బతకలేదు. ఈ సంగతి బాపు నాకు చెప్పినప్పుడు నన్ను చూడలేదు, గోడవైపు చూస్తూ చెప్పాడు. పత్రికకు తను ఏనాడైనా ఉన్న జాగా చెప్పాడా అని ఒక్క మాట అడిగి ఊరుకున్నాడు.

నేను ప్రెస్సుకు పోయి పాత సంచికల బైండు పుస్తకాలన్నీ దించాను. ఇరవై ఏళ్లకు పైగా వచ్చిన ‘మందల జాడ’లు. బండల మీద కూర్చుని ఒక్కొక్కటి తిరగేశాను. దుమ్ములో, పసుపుబారిన ఆ కాగితాల్లో, మందలన్నీ ఎక్కడెక్కడినుంచో లేచి వస్తూనే ఉన్నాయి. ఫలానా వాగు విడిచి వచ్చారు. ఫలానా గుట్ట కింద వారం ఉండి లేచారు. ప్రతి ఒక్కరూ వదిలి వచ్చిన చోటే చెప్పారు. ఇప్పుడు ఎక్కడ ఉన్నదీ ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. ఇంటివాళ్లకు క్షేమం తెలియడానికి ఆ మాత్రం చాలు. బాపు అందులో వంద సార్లు చెప్పి ఉంటాడు. నేను ఆ ముక్కలతోనే అక్షరాలు నేర్చుకున్నాను. అయినా చూడలేదు. మంద వెంట నడవని బిడ్డకు అది ఎలా తెలుస్తుంది అని నన్ను నేను సమాధానపరుచుకోబోయాను. మనసు ఒప్పుకోలేదు.

సారు ప్రెస్సుకు వచ్చారు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన ఆ బైండు పుస్తకాలను చాలాసేపు చూశారు. తరువాత కండువా భుజాన వేసుకుని లేచి, “ఇన్నేండ్లు అచ్చేసినోన్ని నేను. నాకు తెల్వకపాయె. నువ్వొక్కదానివే మోస్తె ఎట్ల?” అన్నారు. ఆ మాట నేను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. తెలియలేదని అంత నెమ్మదిగా చెప్పిన పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మరునాడే ఇద్దరం బయలుదేరాం. మూడు బస్సులు మారి నందికొండ దిక్కు చేరి, కాలువగట్టు వెంట నడిచాం. అది ఫాల్గుణం. కోతలైన మడుల మీద గాలి ఎండుగడ్డిని లేపి ఆడిస్తున్నది. దూరంగా కొండలు నీళ్లలో నీడల్లా కదులుతున్నట్టున్నాయి. అత్త గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని ఉంది. సారును చూసి లేచి, గొంగడి పరిచి, సత్తు చెంబుతో నీళ్లు ఇచ్చింది. నన్ను మాత్రం తిన్నావా అని కూడా అనలేదు. మా అత్త ఆ మాట అడగకపోవడం నా బతుకులో అదే మొదటిసారి.

సారు చేతి సంచిలోంచి ఆ ముక్క వచ్చిన పత్రిక తీశారు. క్షమించమని ఆయన అడుగుతారేమో అనుకున్నాను. ఆయన దాన్ని నా చేతికిచ్చి, “వినిపియ్యని ముక్క ఉండిపోయింది గదమ్మా. వినిపియ్యి,” అన్నారు.

నేను చదివాను. మోకాలెత్తు గడ్డి అని చదివాను. చెరువు పేరు చదివాను. దేవుడి దయ అని చదివాను. నా ఎదురుగా, పొదుగులు నిండి, తాగే పిల్లలు లేక గొర్లు అరుస్తున్నాయి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి ముఖం చూడాలి కదా, అది నా అలవాటు. చూశాను. అత్త కళ్లు దించలేదు. చివరిదాకా విన్నది.

“మంచిగ రాసినవు,” అన్నది. “అన్నీ నేను చెప్పిన మాటలే. ఒక్కటి గూడ నువ్వు కలపలే.” నా చేతిలోని కాగితం వైపు చూసింది. “గని బిడ్డా, నేను నీకు చెప్పిన. పేపరుకు చెప్పలే.”

నేను పత్రికను మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. సారు తలవంచుకుని కూర్చున్నారు. తరువాత ఆయన, వచ్చే వారం పత్రికలో తప్పు మాదేనని వేస్తాననీ, ఆ ఊరి రైతులకు కూడా తెలిసేలా రాస్తాననీ చెప్పారు. అత్త చెయ్యి ఊపింది.

“వద్దు సారు. మల్ల రాస్తె మల్ల సదువుతరు. ఊకోండ్రి.”

మేము అక్కడ ఉండగానే, కాలువ అవతల ఇంకొక మంద పోయింది. ముందు నడుస్తున్న ఆయన చెయ్యెత్తి, “యాడికెల్లి వస్తున్నవ్ వదినా?” అని కేక వేశాడు. అత్త తాను వదిలి వచ్చిన ఊరు చెప్పింది. ఆయన కూడా తాను వదిలి వచ్చింది చెప్పాడు. ఎక్కడికి పోతున్నావని ఆమె అడగలేదు, ఆయన అడగలేదు. మంద దుమ్ములో కలిసిపోయింది. సారు ఆ దుమ్ము చల్లారేదాకా చూస్తూ నిలబడ్డారు. తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని, ఎవరితోనూ కాకుండా, ఎంత మర్యాద, ఎంత మర్యాద అని రెండుసార్లు అనుకున్నారు.

తరువాత వారం ‘మందల జాడ’కు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ మరుసటి వారం కూడా లేదు. సంతలో కాపరులు నన్ను చూసి తల ఊపి పోయేవారు, బెంచీ దగ్గరకు వచ్చేవారు కారు. సారు ఆ కాలమ్ తీసెయ్యలేదు. శీర్షిక అలాగే పెట్టి, కింద అరచేతి వెడల్పు తెల్లగా వదిలారు. చదివేవాళ్లు అచ్చు తప్పిందనుకున్నారు. ఎరువుల దుకాణం ఆయన వచ్చి, ఊరికే పోతున్న జాగా కదా, తన ప్రకటన వేసుకుంటానని అడిగాడు. సారు ఆయనకు చాయ్ తాగించి, ఆ జాగా తనది కాదని, గొర్లోళ్లదని, వాళ్లు వచ్చేదాకా అలాగే ఉంటుందని చెప్పి పంపారు. ప్రతి వారం ఆ తెల్లని చోటు చూస్తే నా తప్పే నాకు కనిపించేది. అదే సమయంలో, ఎవరో నన్ను నమ్మి నా పక్కన మౌనంగా కూర్చున్నట్టు కూడా ఉండేది. ప్రార్థనలో మాటలైపోయాక మిగిలే చోటు ఒకటి ఉంటుంది కదా, అలా.

మృగశిర దాటి వానలు పడ్డాక ఒక ముసలి కాపరి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తాను విడిచి వచ్చిన వాగు పేరు చెప్పాడు. నేను రాసి వినిపించాను. వింటున్నంతసేపు నా నోటివైపే చూశాడు. తరువాత ఇంకొకరు, ఇంకొకరు వచ్చారు. ఆ జాగా మెల్లగా నిండింది. అత్త మాత్రం చెప్పలేదు. పండుగకు ఇంటికి వచ్చేది, నా చేతి వంట తినేది, నా పెళ్లికి వారం ముందే వచ్చి పందిరి కింద పనులన్నీ చేసింది. మంద ఎట్లున్నదత్తా అంటే, “ఉన్నయి,” అనేది. అంతే. ఆ ఒక్క మాటతో తలుపు దగ్గరగా వేసేది. గడియ పెట్టేది కాదు, అంత కఠినురాలు కాదు. కానీ ఎక్కడ మేపుతున్నదీ, ఎన్ని ఈనినదీ నాతో అనేది కాదు. ఒకప్పుడు మొదటి కబురు నాకే చెప్పిన మనిషి.

జిల్లాలు చిన్నవయ్యాయి, పత్రిక మీద చిరునామా మారింది. ఫోన్లు పెద్దవయ్యాయి, బెంచీ మీద మనుషులు తగ్గారు. సారుకు చూపు పూర్తిగా మందగించాక నేను ప్రతి సంచికను మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా ఆయన ఇంటికి పోయి వినిపించేదాన్ని. మంచం మీద కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి వినేవారు. అంతా అయిపోయాక, మీ అత్త ఏమన్నా చెప్పిందా అని అడిగేవారు. లేదు సారు అనేదాన్ని.

ఒకరోజు నేనే ఉండబట్టలేక, ఆమెను కూర్చోబెట్టి అడగనా అన్నాను.

“అడుగకు,” అన్నారు. “అడిగితె చెప్తది, నీ మీద పాయిరం, ప్రేమ ఉన్నది. అట్ల చెప్పినది నీకెందుకు?”

ఆయన ఒక ఎండాకాలం పొద్దున, పత్రిక వినడం పూర్తికాకముందే నిద్రలోకి జారి, అటే పోయారు. ఆయన గురించి నాలుగు ముక్కలు రాసింది నేనే. ఆయన భార్య జానకమ్మగారి ముందు కూర్చుని వినిపించాను. ఏనాడూ కోపం ఎరగరని రాసిన చోట ఆమె నన్ను ఆపింది. “పత్రికల ఎరుగడు. ఇంట్ల ఎరుగును. అది కొట్టెయ్యి,” అన్నది. కొట్టేశాను. ఇద్దరం కన్నీళ్లతోనే నవ్వాం.

ఇప్పుడు ‘కందిలి’ రెండు పేజీలు, ఫోన్లలోకి పోతుంది. మిషను అమ్మేశారు. బెంచీ లేదు, నేనే ఇళ్లకు పోయి, లేకుంటే ఫోనులో, వినిపిస్తాను. ఆలస్యమవుతుందని కొందరు విసుక్కుంటారు. ఈ పద్ధతి నాకిచ్చినందుకు రోజూ దీపం పెట్టేటప్పుడు సారును తలుచుకుంటాను. మా వంశంలో పోయినవాళ్ల పేర్ల పక్కన ఆయన పేరు కూడా చెప్పుకుంటాను. రాయడం కన్నా ముందు ఆయన నాకు ఇంకేదో ఇచ్చారు. దాని పేరు మర్యాద అని నాకు చాలా కాలం తెలియలేదు.

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. అత్త.

“తిన్నవా బిడ్డా?”

తిన్నానన్నాను. బాపు మోకాళ్లు అడిగింది, పిల్లల సంగతి అడిగింది. అవతల గాలి చప్పుడు, గొర్ల మెడగంటలు. ఇంక పెట్టేస్తుందనుకున్నాను.

“గీడ ఒక కుంట దొరికింది,” అన్నది. “గడ్డి మంచిగున్నది. పొద్దున రెండు ఈనినయి, ఒకటి నల్లది, నుదుటి మీద తెల్లచుక్క. జర నిలబడుతున్నది, జర పడుతున్నది. నువ్వు చూడాలె.”

ఊరి పేరు చెప్పింది. కుంట పేరు చెప్పింది. రాయకు అని చెప్పలేదు. ఆ మాట ఆమె అనకపోవడం విని నేను గోడకు ఆనుకున్నాను. మంచిదత్తా అన్నాను. ఎంతోసేపు ఆ నల్లపిల్ల గురించే మాట్లాడుకున్నాం.

ఆ వారం ‘మందల జాడ’లో వేరేవాళ్లు విడిచి వచ్చిన చోట్లు మూడు వచ్చాయి. అత్త పేరు లేదు. సాయంత్రం దేవుడి ముందు దీపం పెట్టి, చేతులు జోడించి, ఆ కుంట పేరు ఆయనొక్కడికే చెప్పాను. ఇంకో నెల దాకా నీళ్లు ఉంచమని అడిగాను.